పాత డెస్క్‌టాప్‌లో రెండు డిస్కులు పెట్టి రెయిడ్ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టేనా?

పాత డెస్క్‌టాప్ ఖాళీగా పడుంది, రెండు హార్డ్ డిస్కులు కొని రెయిడ్ (డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే పద్ధతి) పెట్టేస్తే ఇంట్లో ఫోటోలు, డాక్యుమెంట్లు సేఫేనా, లేదా రెడీమేడ్ నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచే డబ్బా) కొనాలా అని అడిగారు కదా. మెషీన్ వరకు మీ డెస్క్‌టాప్ చాలండి. కానీ ఆ "రెయిడ్ పెట్టేస్తే సేఫ్" అన్న దగ్గరే నేను దెబ్బ తిన్నా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నాది కూడా అదే సెటప్ అప్పట్లో. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్, 4 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో (రెండిట్లోనూ ఒకే డేటా ఉండే రెయిడ్), పైన ఓపెన్‌మీడియావాల్ట్ అనే నాస్ సాఫ్ట్‌వేర్. అది డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, సెట్టింగులన్నీ బ్రౌజర్‌లోనే, తేలిక. ఒకరోజు ల్యాప్‌టాప్‌లో కూర్చుని ఫోల్డర్లు సర్దుతూ డూప్లికేట్ అనుకుని ఒక ఫోల్డర్ లేపేశా, అందులో రెండేళ్ల ఫోటోలు. నెట్‌వర్క్ షేర్‌లో డిలీట్ చేస్తే మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళదు. మిర్రర్ ఏం చేసిందంటే రెండో డిస్కులో కూడా అదే క్షణంలో శుభ్రంగా తుడిచేసింది, దాని డ్యూటీ అదే మరి. డిస్క్ చచ్చిపోతే అది కాపాడుతుంది, మన చెయ్యి జారితే మాత్రం ఏమీ చెయ్యలేదు. ఫోన్లలో మిగిలినవి కొన్ని దొరికాయి, మిగతావి పోయినట్టే.

ఆ తర్వాత జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి మారా, ట్రూనాస్ అనే ఇంకో నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకుని. దానికి 8 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి. జడ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ మారిస్తే పాత బ్లాక్ మీద రాయదు, కొత్త చోట రాస్తుంది, కాబట్టి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో దాని గుర్తు) తీస్తే పాత బ్లాకుల్ని పారెయ్యకుండా పట్టుకుని ఉంచుతుంది అంతే, తీసిన క్షణంలో దాదాపు జాగా ఏమీ తినదు. నేను గంటకోటి తీసి రెండు రోజులు, రోజుకోటి తీసి రెండు నెలలు ఉంచుతున్నా. ఇప్పుడు ఎవరు ఏది డిలీట్ చేసినా నిన్నటి స్నాప్‌షాట్‌లోంచి లాగెయ్యడమే. నెలకోసారి స్క్రబ్ కూడా పెట్టండి, ప్రతి బ్లాకూ చదివి చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో తెలిపే లెక్క) సరిచూస్తుంది, తేడా వస్తే రెండో డిస్కులోంచి తెచ్చి బాగుచేస్తుంది. ఈసీసీ ర్యామ్ (తప్పుల్ని తానే సరిదిద్దుకునే ర్యామ్) లేకపోతే జడ్‌ఎఫ్‌ఎస్ ముట్టుకోవద్దని కొందరు భయపెడతారు, ఉంటే మంచిదే, లేదని మానుకోవక్కర్లేదు.

డిస్కులు కొనేటప్పుడు ఎస్‌ఎమ్‌ఆర్ రకం కాకుండా సీఎమ్‌ఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండేవి) అని ఉన్నవే చూసుకోండి. ఎస్‌ఎమ్‌ఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి తిరగరాయాలంటే పక్కవి కూడా రాయాలి, డిస్క్ మార్చి మిర్రర్ మళ్ళీ కట్టేటప్పుడు నరకం. యూఎస్‌బీ డబ్బాల్లో పెట్టి నడపొద్దు, మధ్యలో డిస్క్ మాయమవుతూ ఉంటుంది, నేరుగా మదర్‌బోర్డు మీది సాటా పోర్టుకే పెట్టండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5, 197 నంబర్ల వరుసల్లో లెక్క పెరుగుతుంటే డిస్క్ పోతోందని, 199 పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

కేబుల్ అంటే గుర్తొచ్చింది. మొదట్లో నెట్‌వర్క్‌లో కాపీ స్పీడ్ సెకనుకు 11 ఎంబీ దాటేది కాదు, పాత మెషీన్ కదా ఇంతేలే అనుకుని వారం రోజులు ప్రాసెసర్‌ని తిట్టుకున్నా. ఊరికే ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ లింకు వివరాలు చూపే కమాండ్) కొట్టి చూస్తే లింకు 100 మెగాబిట్లు అని చూపిస్తోంది, 1000 (అంటే గిగాబిట్) కాదు. 100కి నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ పనిచెయ్యాలి, నాది క్లిప్పు దగ్గర నలిగి ఒక తీగ తెగింది. కేబుల్ మార్చగానే సెకనుకు 110 ఎంబీ వచ్చింది. 1 టీబీ కాపీకి రోజంతా పట్టేది రెండున్నర గంటల్లో అయిపోయింది.

ఇవన్నీ చేసినా అది ఒక్క మెషీనే, దొంగ ఎత్తుకెళ్తే స్నాప్‌షాట్లతో సహా పోతుంది. అందుకని రెస్టిక్ అనే బ్యాకప్ టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఇంకో డిస్కులోకి తీసి చుట్టాలింట్లో పెడతా. ఆ బ్యాకప్‌లోంచి ల్యాప్‌టాప్‌కి అప్పుడప్పుడు ఒక ఫోల్డర్ రీస్టోర్ చేసి తెరిచి కూడా చూడండి. పాస్‌వర్డ్ మార్చాక నా బ్యాకప్ జాబ్ మూడు నెలలు ఫెయిలవుతూనే ఉంది, చెప్పే నాథుడు లేడు. ఫెయిలైతే మెయిల్ పెట్టు అంటే ఆ మెయిలే ఆగిపోవచ్చు, అందుకే సక్సెస్ అయినప్పుడు మెయిల్ వచ్చేలా పెట్టుకున్నా, రాకపోతే అదే అలారం.

కొత్తగా కొనాల్సింది ఏదైనా ఉందంటే పవర్ సప్లై, పాతది 24 గంటలు నడిస్తే ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం. మీ బోర్డులో సాటా పోర్టులు ఎన్ని ఉన్నాయో, ర్యామ్ ఎంతో కామెంట్‌లో పెట్టండి, ట్రూనాస్ వెయ్యాలో ఓపెన్‌మీడియావాల్ట్ చాలో చెప్తా.