పరాయి దేశపు తిరుగుబాటుకు తుపాకులిచ్చే ముందు

నాయనా,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన చిత్తుప్రతి అందాయి. నియంత మీద తిరగబడ్డవాళ్లకు ప్రభుత్వం సాయం చెయ్యాలా వద్దా అన్న నోట్ రాసే బాధ్యత నీ మీద పడింది. మొదటి ఆరు పేజీలూ ఆ నియంత దుర్మార్గం చెప్పడానికే సరిపోయాయి. చెరసాలలు, చిత్రహింసలు, మాయమైపోయిన మనుషులు, అన్నీ నిజమే. అయినా ఆ ఆరు పేజీల్నీ ఒక్క పేజీకి కుదించు. అతను దుర్మార్గుడని తేలినంత మాత్రాన, అతని మీదికి వెళ్లేవాడికి మనం తూటాలు ఇవ్వొచ్చని తేలిపోదు. ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. నోట్ అంతా ఆ దూరం గురించే ఉండాలి.

ముందుగా రాయాల్సింది సాయం ఎలా మొదలుపెడతామన్నది కాదు, సాయం ఆపేసే రోజున ఏం జరుగుతుందన్నది. ఏదో ఒకరోజు ఆపక తప్పదు. ఎన్నికలొస్తాయి, మంత్రి మారతాడు, పొరుగు దేశం సరిహద్దు మూసేస్తుంది, లేదా ఆ నియంతతోనే రాజీ కుదురుతుంది. ఇరాక్ ప్రభుత్వం మీద తిరగబడ్డ కుర్దు మైనారిటీల సంగతి చూడు. ఇరాన్ రాజు షా, అమెరికా కలిసి 1972 నుంచి వాళ్లకు డబ్బూ ఆయుధాలూ అందించాయి. 1975 మార్చి 6న అల్జీర్స్‌లో షాకూ సద్దాం హుస్సేన్‌కూ సరిహద్దు ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే సాయం ఆగిపోయింది. కొద్ది వారాల్లో ముస్తఫా బర్జానీ నడిపిన ఉద్యమం కుప్పకూలింది. లక్షమందికి పైగా ఇరాన్‌లోకి పారిపోయారు. చెట్టెక్కించి నిచ్చెన తీసెయ్యడమంటే ఇదే. తర్వాత అమెరికా ప్రతినిధుల సభ విచారణ కమిటీ తేల్చింది ఇంకా ఘోరం: కుర్దులు గెలవాలని సాయం చేసినవాళ్లకు అసలు లేదు, ఇరాక్ బలం కరిగేంత మేరకు పోరు సాగితే చాలనుకున్నారు. ఆ మాట పోరాడుతున్న కుర్దులకు మాత్రం చెప్పలేదు.

సాయం ఆగడం కన్నా ఆ చెప్పకపోవడమే పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే నోట్‌లో లక్ష్యం ఒక్క వాక్యంలో రాయి. గెలిపించడమా? చర్చలకు దిగేలా నియంత మీద ఒత్తిడి పెంచడమా? ఒక ప్రాంతాన్ని దాడుల నుంచి కాపాడడమా? లేక అతన్ని అలిసిపోయేలా చెయ్యడమా? రాశాక ఆ వాక్యాన్ని తిరుగుబాటుదారుల నాయకులకు చదివి వినిపించగలమా అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో. వినిపించలేని లక్ష్యమైతే ఆ సాయం వద్దని సిఫారసు చెయ్యి. ప్రాణాలు పెట్టేవాళ్లు వాళ్లు. దేనికి పెడుతున్నారో తెలుసుకునే హక్కు వాళ్లకుంది.

ఒక్క తుపాకీ పంపకపోయినా మాటలకూ ఇదే వర్తిస్తుంది. ఇరాక్ సైన్యమూ ప్రజలూ కలిసి సద్దాంను దించాలని 1991 ఫిబ్రవరి 15న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ పిలుపునిచ్చారు. మార్చిలో దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడ్డారు. కాల్పుల విరమణ చర్చల్లో ఇరాక్ తన హెలికాప్టర్లు ఎగరేసుకోవడానికి అనుమతి సంపాదించింది. తిరుగుబాటును అణచడానికి వాటినే వాడింది. వేలాదిమంది చనిపోయారు. పిలుపిచ్చినవాళ్ల సైన్యం పక్కనే ఉండి కదల్లేదు. కాబట్టి మంత్రి ప్రసంగంలో 'మీ వెంట ఉన్నాం' అన్న మాట కనబడితే, ఎంతవరకు, ఎన్నాళ్లు, ఏ రూపంలో అని నోట్‌లో అడుగు. జవాబు లేకపోతే ఆ మాట కొట్టేయించు.

ఇక లెక్క. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. సాయాన్ని డబ్బులో కొలుస్తారు, బరువులో కొలవరు. వెయ్యిమంది పోరాటగాళ్లు ఉన్నారనుకో. గట్టి పోరు జరిగే రోజున మనిషికి 100 తూటాలు వేసుకో. రోజుకు లక్ష. నెలలో అలాంటి రోజులు పది వస్తే పది లక్షలు. కలష్నికోవ్ తూటా ఒక్కొక్కటి 16 గ్రాముల దాకా ఉంటుంది, అంటే పెట్టెల బరువు కాకుండానే 16 టన్నులు. ఇది కేవలం రైఫిళ్లకే. గాయపడ్డవాళ్లకు రక్తం, మందులు, తిండి, ఇంధనం, రేడియోల బ్యాటరీలు దీనికి అదనం. ఇదంతా నెలనెలా ఏ దారిన వెళ్తుంది? ఆ దారి మరో దేశం గుండా పోతే తాళంచెవి వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఏ దళానికి చేరాలో, ఏ దళానికి చేరకూడదో చివరికి వాళ్లే తేలుస్తారు. ఈ సరఫరాను కనీసం రెండేళ్లు నడపగలమా అన్నది లెక్కగట్టు. నడపలేమంటే మొదలుపెట్టొద్దు. పోరు సాగడానికి సరిపోయి గెలవడానికి సరిపోని సాయం అన్నిటికన్నా ఎక్కువమందిని చంపుతుంది. యుద్ధం ముగియదు, ఊళ్లు మిగలవు.

మనం పెంచితే అవతలివాడూ పెంచుతాడన్నది కూడా ఈ లెక్కలో కలుపు. సిరియాలో తిరుగుబాటుదారులకు ఖతార్, సౌదీ, తుర్కియే, అమెరికా ఎవరి దారిన వాళ్లు సాయం పంపారు. నియంత అసద్ వైపు ఇరాన్, లెబనాన్ సాయుధ సంస్థ హిజ్బుల్లా దిగాయి. 2015 సెప్టెంబరు 30న రష్యా విమానాలు బాంబులు వెయ్యడం మొదలుపెట్టాయి. అసద్ కూలింది 2024 డిసెంబరు 8న. ఈ మధ్యకాలంలో లక్షలమంది పోయారు. దేశ జనాభాలో సగం ఇల్లు వదిలింది. సాయం చేసేవాళ్లు నలుగురైతే దళాలు నలభై అవుతాయి. వేరే దాత దొరుకుతాడన్న ధీమా ఉన్న కమాండర్ ఇంకో కమాండర్ కింద పనిచెయ్యడానికి ఎందుకు ఒప్పుకుంటాడు? అందుకే సాయం చేసే దేశాలన్నీ ఒకే ఖాతా, ఒకే గోదాము, ఒకే జాబితా పెట్టుకుంటేనే ముందుకు వెళ్లమని రాయి.

ఎవరికి ఇవ్వాలన్నది అన్నిటికన్నా కష్టమైన భాగం. ప్రవాసంలో ఉన్న నాయకులు నీ భాషలో చక్కగా మాట్లాడతారు, ప్రజాస్వామ్యం గురించి నీకు నచ్చేలా చెబుతారు. వాళ్ల మాటకు దేశంలో ఎంతమంది కదులుతారో నీకు తెలియదు, తరచుగా వాళ్లకూ తెలియదు. కాస్ట్రోను దించడానికి 1961 ఏప్రిల్‌లో అమెరికా దాదాపు 1,400 మంది క్యూబా ప్రవాసుల్ని క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్‌లో దింపినప్పుడు జనం లేచి వచ్చి కలుస్తారనుకున్నారు. ఎవరూ రాలేదు. మూడు రోజుల్లో కథ ముగిసింది.

నాయకుణ్ణి కాదు, దళాన్ని పరీక్షించు. మూడు రకాల మనుషుల్ని అడగాలి: ఆ దళం వదిలి బయటికొచ్చినవాళ్లు, ఆ దళం పట్టులో ఉన్న ఊళ్ల నుంచి పారిపోయిన మైనారిటీలు, వాళ్లకు పట్టుబడ్డ సైనికుల కుటుంబాలు. దళాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'మీరు ఆఖరున పట్టుకున్న ఖైదీ పేరేంటి, ఇప్పుడెక్కడున్నాడు, అతనికి అన్నం ఎవరు పెడుతున్నారు?' ఖైదీలే లేరని చెప్పే దళాన్ని నమ్మొద్దు. యుద్ధం చేసేవాళ్లకు ఖైదీలు దొరుకుతారు, లేరంటే చంపేస్తున్నారన్నమాట. వయసులు అడుగు. బాల సైనికుల మీద 2000లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్ ప్రకారం ప్రభుత్వ సైన్యం కాని సాయుధ దళాలు 18 ఏళ్లు నిండనివాళ్లను చేర్చుకోకూడదు, పోరుకు వాడకూడదు. పట్టుబడ్డవాళ్లను చంపకూడదు, హింసించకూడదు అనే 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం తిరుగుబాటుదారులకూ వర్తిస్తుంది. దాన్ని వాళ్ల భాషలో ఒక పేజీగా రాయించి, కమాండర్ చేత సంతకం పెట్టించి, దళంలో ప్రతి ఒక్కరికీ చదివి వినిపించాలి.

పరీక్ష గట్టిగా పెడితే మనుషులు దొరకరు, వదులుగా పెడితే హంతకులు దూరతారు. ఈ చిక్కు తప్పదు. ఐసిస్ మీద పోరాడే సిరియన్ దళాన్ని తయారుచెయ్యడానికి 50 కోట్ల డాలర్లతో అమెరికా ఒక పథకం పెట్టింది. పోరులో మిగిలింది నలుగురో ఐదుగురో అని 2015 సెప్టెంబరులో సెనేట్ కమిటీ ముందు జనరల్ లాయిడ్ ఆస్టిన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. అదే నెలలో ఆ పథకంలోనే తయారైన మరో జట్టు ప్రాణాలతో దారి దాటడానికి ఆరు పికప్ వాహనాల్ని, కొంత మందుగుండును అల్‌ఖైదా శాఖ అయిన నుస్రా ఫ్రంట్‌కు అప్పగించింది. ఇక్కడ లోపం పరీక్షలో మాత్రమే లేదు. ఆ యువకుల పగ అసద్ మీద. ఇచ్చినవాళ్లు మాత్రం ఐసిస్‌తోనే పోరాడమన్నారు. నీ లక్ష్యమూ వాళ్ల లక్ష్యమూ ఒకటి కానప్పుడు వాళ్లని జీతగాళ్లుగా మార్చకు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. కమాండర్ చేతికి మొత్తం ఇవ్వొద్దు. వందమంది ఉంటే మూడొందల పేర్లు రాస్తాడు. పేరుపేరునా, మనిషి చేతికే ఇవ్వాలి.

వస్తువుల్లో మందులు, అంబులెన్సులు, రేడియోలు ముందు. రైఫిళ్లు చాలా తర్వాత. భుజం మీద నుంచి విమానాన్ని కూల్చే క్షిపణులైతే అసలు వద్దని నా గట్టి అభిప్రాయం. 1986 నుంచి అఫ్గాన్ ముజాహిదీన్‌కు అలాంటి స్టింగర్ క్షిపణులిచ్చిన అమెరికా, సోవియట్ సైన్యం వెళ్లిపోయాక వాటిని డబ్బిచ్చి వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. అన్నీ తిరిగి రాలేదు. ట్యాంకుల్ని కొట్టే క్షిపణులైనా సరే, వాడేసిన గొట్టం తిరిగి అప్పగిస్తేనే కొత్తది ఇవ్వాలి. ప్రతి వస్తువు క్రమసంఖ్యా రెండు చోట్ల నమోదవ్వాలి. తుపాకీ యాభై ఏళ్లు బతుకుతుంది, తూటా ఒక్కసారే పేలుతుంది. అందుకని కాస్తో కూస్తో మన అదుపు మిగిలేది తూటాల దగ్గరే. విడతకు రెండు వారాలకు సరిపోయేవాటికి మించి పంపొద్దు. ఇంత చేసినా జారిపోతాయి. ఐరోపాలో తయారై సిరియా తిరుగుబాటుదారుల కోసం కొన్న ట్యాంకు విధ్వంసక రాకెట్టొకటి ఫ్యాక్టరీ దాటిన రెండు నెలల్లోపే ఐసిస్ చేతుల్లో తేలింది.

'చేసింది వాళ్లు, మనకేం సంబంధం' అని ఎవరైనా అంటే చట్టం ముందు పెట్టు. తిరుగుబాటుదారులకు ఆయుధాలూ శిక్షణా ఇవ్వడం బలప్రయోగ నిషేధాన్ని ఉల్లంఘించడమేనని 1986లో నికరాగ్వా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ కేసులోని తిరుగుబాటుదారులైన కాంట్రాలు చేసిన ప్రతి నేరాన్నీ వాళ్లకు సాయం చేసిన అమెరికా ఖాతాలో వెయ్యలేదు నిజమే, కానీ మనుషుల విషయంలో లెక్క వేరు. సియెర్రా లియోన్ తిరుగుబాటుదారులకు తోడ్పడి వాళ్ల నేరాలకు సహకరించినందుకు లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష పడింది. తిలా పాపం తలా పిడికెడు అన్నది ఇక్కడ సామెతగా మిగల్లేదు.

ఆయుధం పట్టని వ్యతిరేకుల గురించి చిత్తుప్రతిలో ఒక్క మాటా లేదు. ఇది పెద్ద లోటు. మన మొదటి పెట్టె సరిహద్దు దాటిన రోజునే, జైల్లో ఉన్న ప్రతి పాత్రికేయుడూ కార్మిక నాయకుడూ ప్రభుత్వ టీవీలో 'విదేశీ ఏజెంటు' అయిపోతాడు. వీధుల్లో నిరసన ఊరేగింపులు తీసేవాళ్లకు మన ఆయుధ సాయం ఇష్టమో కాదో ముందే కనుక్కో.

ఇదంతా చదివి 'అయితే ఏమీ చెయ్యకపోవడమే మంచిది' అని నువ్వు రాస్తే బాధపడతాను. ఊరకుండడం కూడా ఒక పనే. 1991 సెప్టెంబరులో యుగోస్లావియా అంతటికీ వేసిన ఆయుధ నిషేధం, అప్పటికే ఆయుధాలు దండిగా ఉన్న సెర్బు బలగాల కన్నా బోస్నియా ప్రభుత్వాన్నే ఎక్కువ దెబ్బతీసింది. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సెర్బు బలగాలు దాదాపు 8 వేల మందిని చంపేశాయి. 1971లో తూర్పు పాకిస్తాన్ విషయంలో భారత్ చేసిన సాయం ఎందుకు వేరో చూడు. అక్కడి తిరుగుబాటు దళం ముక్తివాహిని వెనక 1970 ఎన్నికల్లో గెలిచిన ప్రతినిధుల ప్రభుత్వం ఉంది. దాదాపు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. చివరికి సాయం చేసిన దేశమే యుద్ధభారం నెత్తినేసుకుంది, 1972 మార్చికల్లా సైన్యాన్ని వెనక్కి తీసుకుంది. అయినా గెలుపు తర్వాత అక్కడి ఉర్దూ మాట్లాడే బిహారీల మీద సాగిన ప్రతీకారం ఆ చరిత్రలోనే ఉంది.

గెలుపు తర్వాతి వంద రోజుల ప్రణాళిక లేకుండా నోట్ మీద సంతకం పెట్టకు. లిబియాలో 2011 ఆగస్టులో, తవెర్ఘా పట్టణం గడాఫీ పక్షాన నిలిచిందని మిస్రాతా నగరపు తిరుగుబాటు దళాలు అక్కడి దాదాపు 40 వేల మందినీ వెళ్లగొట్టాయి. ఊరు ఖాళీ అయిపోయింది. వాళ్లు ఏళ్ల తరబడి శిబిరాల్లోనే ఉన్నారు. ఆ తర్వాత 'విప్లవకారులకు' జీతాలిస్తామని కొత్త ప్రభుత్వం అనగానే, పోరాడినవాళ్లకు ఎన్నో రెట్ల మంది పేర్లు నమోదు చేయించుకున్నారు. దళాలు కరగాల్సింది పోయి పెరిగాయి. నియంత వర్గమని జనం ఏ ఊళ్లను వేలెత్తి చూపుతున్నారో ఇప్పుడే పేర్లతో రాయి. వాటికి కాపలా ఎవరు, జైళ్ల తాళాలు ఎవరికి, ఉపాధ్యాయులకూ పోలీసులకూ మొదటి మూడు నెలల జీతం ఎక్కడి నుంచి, ఇవీ రాయి.

ఆఖరుగా కుటుంబాలు. పరీక్షించిన మనుషుల వేలిముద్రలు, ఫొటోలు, ఊళ్ల పేర్లు ఉన్న జాబితా ఒక్కటి నియంత చేతికి చిక్కితే అది మరణశాసనమే. దాన్ని ఆ దేశంలోనూ పక్క దేశంలోనూ ఉంచొద్దు. ప్రతి పోరాటగాడికీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క తీసుకో. వెయ్యిమందికి మనిషికి ఐదుగురు చొప్పున వేసుకుంటే ఐదు వేలు. సాయం ఆగిన రోజున ఆ ఐదు వేలమందికి ఆశ్రయమిచ్చే ఉత్తర్వు మొదటి పెట్టె కదలకముందే సంతకమై ఉండాలి. బే ఆఫ్ పిగ్స్‌లో పట్టుబడ్డవాళ్లు 1962 డిసెంబరు దాకా జైళ్లలో మగ్గారు. 5 కోట్ల 30 లక్షల డాలర్ల విలువైన ఆహారం, మందులు ఇస్తే తప్ప బయటపడలేదు. ఈ ఆశ్రయం లెక్కను అనుబంధంలోకి నెట్టకు. నియంత గురించి కుదించిన ఆ ఒక్క పేజీ తర్వాత, రెండో పేజీలో పెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న