ఏడో తరగతి చదివిన అమ్మ ఏం సాయం చేయగలదు?

ప్రశ్న: మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. నేను ఏడు వరకే చదివాను, అదీ తెలుగులో. ఇంట్లో బ్లౌజులు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. వాడి నోట్సు తెరిస్తే నాకేమీ అర్థం కాదు. అప్పు చేసైనా ప్రైవేటు స్కూల్లో వేద్దామా?
- ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అప్పు మాట కాసేపు పక్కన పెట్టండమ్మా. నోట్సు చూసి భయపడ్డారు, సరే. ఈసారి సైన్సు పాఠ్యపుస్తకం తెరవండి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. చాలామంది పిల్లలు ఆ తెలుగు పేజీ వైపే చూడరు. అది మీ పేజీ అనుకోండి.

రాత్రి మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు "ఇవాళ ఏం చెప్పార్రా?" అని అడగండి. వాడు ఇంగ్లిష్ ముక్కలు గడగడా అప్పజెప్తే ఆపి, "నాకు తెలిసేలా చెప్పు" అనండి. చెప్పలేక ఎక్కడ తడబడ్డాడో అక్కడే వాడికీ అర్థం కాలేదన్నమాట. ఆ చోట పెన్సిల్‌తో గీత పెట్టించి, మర్నాడు టీచర్‌ని అడిగి రమ్మనండి. దీనికి మీకు సబ్జెక్టు రానక్కర్లేదు. బాగా చదువుకున్న తల్లిదండ్రులు ఓపిక పట్టలేక జవాబు తామే చెప్పేయడం నేను రోజూ చూస్తుంటాను.

లెక్కలంటారా, అవి మీరు రోజూ చేస్తున్నారు. ఛాతీ కొలత 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, కుట్టుకి ఒకటిన్నర కలిపి చాక్‌తో పదిన్నర దగ్గర గీస్తారు కదా. ఎక్స్ అంటూ వాణ్ని బెదరగొట్టే సమీకరణం ఇదే. ఒక ఆదివారం టేపు వాడి చేతికిచ్చి, "గీత పదకొండు దగ్గర పడింది, ఛాతీ ఎంత?" అని వెనక్కి అడిగి చూడండి. 38 అని రావాలి.

పేరెంట్స్ మీటింగ్‌కి ఇద్దరిలో ఒకరు వెళ్లండి. ఆ పూట ఆటో కిరాయి పోతుంది, అది నష్టమే, కాదనను. కుదరకపోతే బడి వదిలే వేళకు క్లాస్ టీచర్‌ని కలవండి. "బాగా చదువుతున్నాడా?" అంటే "పర్లేదండీ" అనే వస్తుంది. ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నాడు, డౌట్ వస్తే నోరు విప్పుతున్నాడా అని అడగండి. పక్కింటి పిల్లల మార్కులు మాత్రం తేకండి.

ఇక ప్రైవేటు సంగతి. ఎనిమిదో తరగతిలోనే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ఆదాయం తక్కువున్న ఇళ్లలో బాగా చదివే పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం ఇది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి (ఎస్సీ, ఎస్టీలకు 50). ప్రభుత్వ, స్థానిక సంస్థల (మీ జిల్లా పరిషత్ బడి లాంటివి), ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. ఇప్పుడు ప్రైవేటుకు మారిస్తే అప్పూ మిగులుతుంది, ఈ అవకాశమూ పోతుంది. నా మాటగా అయితే మార్చొద్దు.

పరీక్షలో రీజనింగ్‌కి 90, సబ్జెక్టులకి 90 మార్కులు. దరఖాస్తు బడి ద్వారానే వెళ్తుంది కాబట్టి ఈ వారమే హెడ్మాస్టర్‌ని అడగండి. ఆదాయ ధ్రువపత్రానికి మీ ఊరి సచివాలయంలో ముందే అర్జీ పెట్టుకోండి. ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ బాబు పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిరగలేక చస్తారు.