చిత్తూరులో మా ఆడపడుచు వాళ్ళ కుక్క బాగా మీదికి ఎగబడుతుంది. రెండేళ్ళ పాపతో వారం రోజులు ఉండటానికి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చండి. కాకపోతే మాట్లాడాల్సింది ఏదైనా బస్సెక్కక ముందే ఫోన్‌లో మాట్లాడేసుకోండి. గుమ్మంలో నిలబడి "ముందు దాన్ని కట్టెయ్యండి" అంటే వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది, మీకు టెన్షన్.

తిరుపతిలో మా అన్నయ్య వాళ్ళకి మగ ల్యాబ్రడార్ ఉంది. దానికి కోపం అంటే తెలీదు, దాని సంతోషంతోనే చిక్కంతా. ఎవరొచ్చినా ముందుకాళ్ళెత్తి మీద వేసేస్తుంది. పెద్దవాళ్ళకైతే చీర నలుగుతుంది, అంతే. మావాడికి అప్పుడు రెండున్నరేళ్ళు, వాడి మొహం సరిగ్గా దాని నోటి ఎత్తుకి వచ్చేది. అది కరవక్కర్లేదు, ఊరికే మీద పడినా పిలకాయ గచ్చు మీద వెల్లకిలా పడతాడు.

"మా బ్రూనో ఏమీ చెయ్యడు" అని మా వదిన మాట. నేను బ్రూనోని ఒక్క మాట అనలేదు, మావాడి మీద పెట్టి చెప్పాను: "వదినా, వీడు తోక కనిపిస్తే లాగుతాడు, పాపం బ్రూనోకే ఇబ్బంది." వెంటనే బెల్టు తగిలించింది! మీ ఆడపడుచు దగ్గర కూడా ఇలా చెప్పి చూడండి.

మీరు చేరేసరికి కుక్కని బాగా తిప్పి తీసుకొచ్చి ఉంచమనండి. ఎండాకాలమైతే పొద్దున్నే తిప్పాలి. మొదట పెద్దవాళ్ళే లోపలికి వెళ్ళండి. అది ఎగిరితే తోసెయ్యొద్దు, అరవొద్దు, దానికి అదంతా ఆటే. వీపు తిప్పి నిలబడండి. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టాకే పలకరించండి. అది నెమ్మదించాక పాపని తీసుకెళ్ళండి, అప్పుడు కూడా బెల్టు ఒకరి చేతిలో ఉండాలి.

నాకు అన్నిటికన్నా భయం తిండి దగ్గరే. చేతిలో మురుకు పట్టుకుని ఇల్లంతా తిరిగే పిల్లని ఏ కుక్కా వదలదు. పాపకి తలుపేసిన గదిలో తినిపించండి. కుక్క తినేటప్పుడు, పడుకున్నప్పుడు పాప దాని దగ్గరికి వెళ్ళకూడదు. రెండేళ్ళ పిల్లకి చెబితే గుర్తుండదు కాబట్టి అడ్డంగా ఒక ప్లైవుడ్ చెక్కయినా పెట్టాల్సిందే. రాత్రి మీ గది తలుపు వేసుకోండి.

తోక ఊపుతోంది కదా అని ధీమాగా ఉండొద్దు. పాప దాని మెడ పట్టుకుంటే అది మొహం పక్కకి తిప్పుకుని పెదాలు నాక్కుంటోందా, నిద్ర రాకుండానే ఆవలిస్తోందా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తోందా, ఒళ్ళు బిగబట్టిందా... వెంటనే పాపని ఎత్తుకోండి. ఫోటో తర్వాత. గుర్రుమంటే దాన్ని తిట్టకండి. తిడితే, గుర్రుమనకుండానే కరవడం అలవాటు కావచ్చు.

ఇంటినిండా జనం ఉన్న రోజు మరీ జాగ్రత్త. గంగమ్మ జాతరకి మా అన్నయ్య ఇంట్లో అందరం ఉంటాం, పిల్లాణ్ణి ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటాం. అందుకే ఆ రోజు బ్రూనోకి నీళ్ళు పెట్టి, ఫ్యాను వేసి, మేడ మీద గదిలో ఉంచుతాం.

రేబిస్ టీకా కార్డు ఒకసారి చూపించమని అడగండి, మొహమాటం వద్దు. పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టనివ్వకండి. కుక్కకి టీకా వేయించినా సరే, అదే రోజు డాక్టరుకి చూపించండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్ ఉచితమే, తిరుపతిలో అయితే మన రుయా ఆసుపత్రి ఉంది.

వారం రోజులు ఇంత కాపలా కష్టమనిపిస్తే రెండు రోజులుండి వచ్చెయ్యండి. లేదంటే ఈసారికి ఆడపడుచునే తిరుపతికి రమ్మనండి, కొండకి వెళ్ళినట్టూ ఉంటుంది.