వాంగ్టూ నైస్‌కు ఒక్కో ఖనిజంలో ఒక్కో వయసు రావడం గురించి

సట్లెజ్ లోయలోని వాంగ్టూ నైస్‌లో (వేడికీ ఒత్తిడికీ మారిన చారల శిల) మీ బయోటైట్‌కు (నల్ల అభ్రకం) కోటి ఏళ్ల లోపు వయసు వచ్చిందని, జిర్కాన్ (యురేనియం ఉండే గట్టి ఖనిజం) వయసులు చెల్లాచెదురుగా ఉన్నాయని అడిగారు. బయోటైట్ వయసు తప్పు కాదు. అది శిల పుట్టిన కాలాన్ని కాక, హిమాలయాలు పైకి లేస్తుండగా ఆ శిల దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడిన కాలాన్ని చెబుతుంది, ఎందుకంటే అంతకు మించిన వేడిలో బయోటైట్‌లో వయసు లెక్కకు ఆధారమైన ఆర్గాన్ వాయువు నిలవదు.

జిర్కాన్ వయసులు చెల్లాచెదురు కావడానికి కారణం వేరు: కొలత కోసం లేజర్ తగిలించిన మచ్చలు, వేర్వేరు కాలాల్లో పెరిగిన భాగాలపై కలిసి పడి ఉంటాయి. దాన్ని సరిచేసే మెట్లు ఇవి:

1. జిర్కాన్ గింజలను రెసిన్‌లో పొదిగి, సగం వరకు అరగదీసి మెరుగు పెట్టండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. లేజర్ పెట్టే ముందే ప్రతి గింజకూ కాథోడోల్యూమినిసెన్స్ (ఎలక్ట్రాన్లు తాకినప్పుడు ఖనిజం వెలువరించే వెలుగు) చిత్రం తీయండి. మాగ్మాలో పెరిగిన భాగంలో సన్నని సమాంతర చారలు కనిపిస్తాయి. లోపల చారలు మధ్యలో తెగిపోయిన గుండ్రని కేంద్రం ఉంటే అది సాధారణంగా ఇంకా పాత శిలది, బయట చారలు లేని పలుచని పొర ఉంటే అది చాలావరకు తరవాత వేడికీ ఒత్తిడికీ శిల రూపాంతరం చెందిన కాలానిది. మచ్చ రెండింటి మీదా పడితే వచ్చే సంఖ్య ఏ సంఘటనకూ చెందదు. దీనికి సమయం కేటాయించకపోతే మిగిలిన శ్రమంతా వృథాయే.

3. చారల భాగంలో, యురేనియం-238, యురేనియం-235 సీసంగా మారడాన్ని బట్టి వచ్చే రెండు వయసులూ ఏకీభవించిన కొలతలనే సగటు చేసి, శిల పుట్టిన వయసుగా ప్రచురితమైన సుమారు 185 కోట్ల ఏళ్లతో పోల్చండి.