ధర తక్కువ, చోటు ఇబ్బంది: ఈ ఫ్లాట్ కొనవచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్థులం. ఆఫీసులకు 20 నిమిషాల దూరంలో అద్దెకు ఉంటున్నాం. ఆదాయంలో 15 శాతం అద్దెకు పోతుంది. ఊరి చివర, ప్రధాన రహదారిని ఆనుకుని ఒక ఫ్లాట్ అమ్మకానికి వచ్చింది. ధర ఇక్కడి ఫ్లాట్ల కంటే మూడో వంతు తక్కువ, మా ఇద్దరి నాలుగేళ్ళ ఆదాయంతో సమానం. ధరలో 20 శాతం చేతిలో ఉంది. మిగతాది 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు. అక్కడి నుంచి ఆఫీసులకు గంటంబావు పడుతుంది, వాహనాల రొద కూడా ఎక్కువే. కొన్నేళ్ళు సర్దుకుని, తర్వాత అమ్మి మంచి చోటికి మారవచ్చని అనుకుంటున్నాం. కొనమంటారా?

జవాబు: మీరు చెప్పిన పరిస్థితుల్లో ఇప్పుడు కొనవద్దనే నా సలహా. ఈ ఫ్లాట్‌ను ఖరీదైన ఫ్లాట్ పక్కన పెట్టి చూస్తున్నారు కాబట్టి మూడో వంతు మిగిలినట్టు కనిపిస్తోంది. అదే డౌన్ పేమెంట్‌తో ఆ ఖరీదైనది కొంటే ఈఎంఐకే మీ ఆదాయంలో సగానికి పైగా పోతుంది. అంటే అది మీకు అందుబాటులో ఉన్న దారే కాదు. తేల్చుకోవలసింది ఈ ఫ్లాట్‌కూ, ఇప్పుడు ఉంటున్న అద్దె ఇంటికీ మధ్య.

ఆ లెక్క వేస్తే బొమ్మ మారిపోతుంది. ఫ్లాట్ ధరలో 80 శాతం అప్పు తీసుకుంటే ఈఎంఐల మొత్తం మీ ఆదాయంలో దాదాపు 35 శాతం అవుతుంది. మొదటి ఏడాది ఆదాయంలో 28 శాతానికి పైగా వడ్డీకే పోయి, అసలు కింద జమయ్యేది 6 శాతమే. అద్దె వృథా ఖర్చని చాలామంది అంటారు గానీ, వడ్డీ కూడా అద్దెలాగే తిరిగి రాని డబ్బు, పైగా మీ విషయంలో అది అద్దెకు దాదాపు రెట్టింపు. ఏళ్ళు గడిచే కొద్దీ అద్దె పెరుగుతుంది, వడ్డీ భాగం తగ్గుతుంది కాబట్టి ఈ తేడా ఎల్లకాలం ఇలాగే ఉండదు. కానీ మీరు అనుకుంటున్నది కొన్నేళ్ళే ఉండి అమ్మేయాలని. వడ్డీ భారం అత్యధికంగా ఉండేది ఆ తొలి ఏళ్ళలోనే.

ఇక ప్రయాణం. రానూ పోనూ రోజుకు అదనంగా 110 నిమిషాలు, ఏడాదికి 240 పనిదినాలు వేసుకుంటే ఒక్కొక్కరికి 440 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు 55. రవాణా ప్రాజెక్టుల లెక్కల్లో ప్రయాణ సమయానికి గంట జీతంలో సగం విలువ కట్టడం పరిపాటి. ఆ చొప్పున చూసినా మీ ఏడాది ఆదాయంలో 11 శాతానికి పైగా రోడ్డు మీదే కరిగిపోతుంది; వాహనం ఖర్చు దీనికి అదనం. వడ్డీకీ అద్దెకూ ఉన్న తేడాను, ఈ సమయం విలువను కలిపితే, ఫ్లాట్ ధర ఏటా 6 శాతానికి పైగా పెరిగితే తప్ప మీకు గిట్టుబాటు కాదు. మరమ్మతులు, నిర్వహణ రుసుము, డౌన్ పేమెంట్ మీద వదులుకునే రాబడి ఇందులో ఇంకా కలపలేదు.

‘అలవాటైపోతుందిలే’ అన్న భరోసా ఈ విషయంలో అంత నమ్మదగ్గది కాదు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్సర్ జర్మనీ కుటుంబాల సర్వే సమాచారాన్ని పరిశీలించి 2008లో ప్రచురించిన వ్యాసంలో, ఉద్యోగానికి ఎక్కువసేపు ప్రయాణించేవారి జీవన సంతృప్తి తక్కువగా ఉంటోందని, చౌక ఇల్లో మెరుగైన జీతమో ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదని తేల్చారు.

రొద సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. యూరప్ ప్రాంతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోడ్డు రొద సగటున 53 డెసిబెల్స్ లోపు, రాత్రివేళ 45 లోపు ఉండాలి. పగటిపూట ఒకసారి చూసి వస్తే ఇది తెలియదు. పనిదినాన ఉదయం, అర్ధరాత్రి దాటాక, కిటికీలు తెరిచీ మూసీ వినాలి. ఫ్లాట్ లోపలి లోపాలను డబ్బుతో సరిచేసుకోవచ్చు, రొదను రెండు పొరల అద్దాలతో కొంత ఆపవచ్చు, దూరాన్ని మాత్రం మీరు ఎంత ఖర్చుపెట్టినా తగ్గించలేరు.

అమ్మకం విషయంలో మీ అంచనా మరీ ఆశావహంగా ఉంది. ఈ రోజు మీకు ధర తగ్గించిన ఇబ్బందే రేపు మీ దగ్గర కొనేవారికీ కనిపిస్తుంది, వాళ్ళూ అంతే తగ్గించమంటారు. పైగా ఇలాంటి చోట కొనేవారు తక్కువ, అమ్మకానికి ఎక్కువ కాలం పట్టవచ్చు. త్వరలో రైలు మార్గం వస్తుందని ఎవరైనా చెబితే, పనులు మొదలయ్యేదాకా ఆ మాటకు విలువ కట్టకండి. ఒకటికి రెండు బ్యాంకులు ఈ ఫ్లాట్ మీద అప్పు ఇవ్వడానికి వెనుకాడితే, ధర తగ్గడానికి దూరం కాక మరేదో కారణం ఉందని అనుమానించి, పత్రాలను న్యాయవాదికి చూపించండి.

మీ ఇద్దరిలో ఒకరికి ఇంటి నుంచే పని చేసే వీలు రాతపూర్వకంగా దొరికినా, అటువైపు ఉద్యోగం వచ్చినా నా జవాబు మారవచ్చు. అప్పుడు కూడా ముందు అదే భవనంలో మూడు నెలలు అద్దెకు ఉండి చూడండి. ఆ అద్దె 20 ఏళ్ళ అప్పు ముందు చాలా చిన్న ఖర్చు. ఈలోగా చేతిలో ఉన్న 20 శాతాన్ని కదిలించకండి. ఈఎంఐకీ అద్దెకూ ఉన్న తేడా, అంటే ఆదాయంలో మరో 20 శాతం, ప్రతి నెలా దానికి జమ చేస్తూ వెళితే, రెండేళ్ళలో రాబడి కలపకుండానే ఈ ఫ్లాట్ ధరలో 10 శాతం అదనంగా కూడుతుంది. అమ్మకందారు తొందరపెడుతున్నా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.