లావా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. చదివిస్తోంది, కానీ రెండో పేరాలో "భూమి నడిమధ్యలో మరుగుతున్న నిప్పుల సముద్రం, అదే పైకి తన్నుకొస్తే లావా" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. చాలామంది ఇలాగే రాస్తారు. అసలు సంగతి దీనికంటే ఎంతో బావుంటుంది, అందుకే ఈ ఉత్తరం.

మన కాళ్ల కింద ఓ 30-40 కిలోమీటర్లు క్రస్ట్, అంటే భూమి పైపెంకు, దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా మాంటిల్ అనే పొర. ఆ మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. కరిగి ఉన్నది ఇంకా కిందున్న ఔటర్ కోర్, అంటే భూమి నడిగుండె పైపొర, అదేమో ఎక్కువగా ఇనుము, లావా అక్కణ్ణుంచి రాదు. ఎవరు చూసొచ్చారంటావా, భూకంపాలే చెప్పాయి. భూకంపంలో పుట్టే ఎస్ తరంగాలనే ఒక రకం అలలు ద్రవంలోంచి పోలేవు, మాంటిల్‌లోంచి మాత్రం పోతాయి. 1897 అస్సాం భూకంపాన్ని స్టడీ చేసిన ఓల్డ్‌హామ్, మన జియలాజికల్ సర్వేలో పనిచేసినాయనే, 1906లో భూమికి కోర్ ఉందని ఈ తరంగాలు చూసే చెప్పాడు. ఆయన నీ వ్యాసంలో ఉండాలి.

మరి గట్టి రాయి ఎందుకు కరుగుతుంది? ఈ ప్రశ్న దగ్గరే కూర్చో, "వేడి వల్ల" అని రాసేసి దాటిపోకు. వేడి అక్కడ ఎప్పుడూ ఉంది, కరగనివ్వకుండా ఆపుతున్నది పైనున్న బరువు. సముద్రం అడుగున ప్లేట్లు, అంటే భూమి పైభాగంలో మెల్లగా కదిలే పెద్ద రాతి పలకలు, విడిపోయే చోట మాంటిల్ రాయి మెల్లగా పైకి జరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, కొత్తగా వేడి తగలకుండానే కరగడం మొదలవుతుంది, అదీ కొంత భాగమే, ఆ కరిగింది చుట్టూ ఉన్న రాయికంటే తేలిక కాబట్టి పైకి పాకుతుంది. ఇలా లోపల కరిగిన రాయే మాగ్మా, బయటికొస్తే లావా. భూమ్మీద మాగ్మాలో ఎక్కువ భాగం ఇలా ఎవరికీ కనపడని చోటే పైకొస్తోంది.

రెండో దారి నీళ్లు, ఇది మన వైజాగ్ వాళ్లు రాయాల్సిన కథ. ఆర్కే బీచ్‌లో నిలబడితే కనపడే ఈ సముద్రం ఏ ప్లేట్ మీదుందో అదే తూర్పున అండమాన్ దగ్గర కిందికి దిగిపోతోంది, తన ఖనిజాల్లో నీళ్లు పట్టుకుని మరీ. సుమారు 100 కిలోమీటర్ల లోతుకెళ్లేసరికి ఆ నీళ్లు బయటపడి పైనున్న వేడి రాతిలోకి చేరతాయి. కుల్ఫీ బండివాడు ఐస్‌లో ఉప్పేస్తే ఐస్ తొందరగా కరుగుతుంది కదా, రాయికి నీళ్లు అలాంటివే, కరిగే వేడి వందల డిగ్రీలు తగ్గిపోతుంది. 1991లో మళ్లీ లేచిన అండమాన్ అగ్నిపర్వతం బ్యారన్ ఐలాండ్ వెనక ఉన్నది ఇదే. మన పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి షిప్ ఎక్కే వాళ్లలో ఎంతమందికి తెలుసు చెప్పు!

పైకొచ్చిన మాగ్మా వేడికి క్రస్ట్ కూడా కరగొచ్చు, అది ఒక్క వాక్యంలో చెప్పేయ్.

ఇంకోటి, కైలాసగిరి రాళ్లని లావా అనకు. అది ఖొండలైట్, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి. నిజం లావా ముట్టుకోవాలంటే రాజమండ్రి వెళ్లి గోదావరి దాటి పంగిడి వైపు పో, క్వారీ వాళ్లని అడిగి చూడు. సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి, రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో గుల్లలు కూడా దొరికాయి. అంటే ఒక ప్రవాహం చల్లారి, నీళ్లు చేరి, ప్రాణులు బతికాక మళ్లీ లావా వచ్చిందన్నమాట. ఈ ముక్క నువ్వు కళ్లారా చూసే రాయి.

అంకెలు ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా చూపించి, అప్పుడు నాకు పంపు.