టికెట్ కనిపించాకే పాయింట్లు మార్చండి

మీ దగ్గర 90 వేల క్రెడిట్ కార్డ్ పాయింట్లు ఉన్నాయి, ఎయిర్‌లైన్ మైల్స్‌లోకి (అంటే ఆ ఎయిర్‌లైన్ టికెట్లకి వాడుకునే పాయింట్లలోకి) మారిస్తే 25 శాతం బోనస్ వస్తుంది, ఆఫర్ ఈ నెలాఖరు వరకే, ప్రయాణం మాత్రం ఇంకా ఏదీ అనుకోలేదు, ఇప్పుడే మార్చేయనా అని అడిగారు. వద్దండీ. ఇలాంటి ఆఫర్ చూసే నేను ఒకసారి చేయి కాల్చుకున్నాను.

అప్పుడు ఆఫర్‌కి చివరి రోజు. రాత్రి పడుకోబోయే ముందు కార్డ్ యాప్ తెరిచాను. ట్రాన్స్‌ఫర్ బటన్ పైన చిన్న అక్షరాల్లో ‘ఒకసారి మార్చాక వెనక్కి తీసుకోలేరు’ అని ఉంది, పక్కన టిక్ పెట్టాల్సిన గడి ఉంది. చదివాను, టిక్ పెట్టాను, ఉన్న పాయింట్లన్నీ పంపేశాను. నాలుగు నెలల తర్వాత మా ముగ్గురికీ టికెట్లు వెతికితే, మాకు కావలసిన తేదీల్లో మైల్స్‌తో దొరికేది ఒక్క సీటే, దానికి కూడా నేను ముందు చూసినప్పటి కంటే ఎక్కువ మైల్స్ అడుగుతోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బతిమాలాను, పాయింట్లు వెనక్కి రావు అన్నారు. చివరికి ఆ మైల్స్ గడువు దగ్గరపడుతుంటే టెన్షన్ పడి, అవసరం లేని తేదీకి ఒక వైపు టికెట్ ఒకటి తీసుకుని వాటిని ఖర్చు చేశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కార్డ్‌లో ఉన్నంతకాలం ఆ పాయింట్లతో ఏమైనా చేయొచ్చు, బిల్లులో తగ్గించుకోవచ్చు, నేరుగా టికెట్ కొనొచ్చు, రేపు ఇంకో ఎయిర్‌లైన్‌కి పంపొచ్చు. మైల్స్‌గా మారాయంటే ఇక ఆ ఒక్క ఎయిర్‌లైన్ రూల్స్‌కి లోబడాల్సిందే. ఆ రూల్స్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కి 36 నెలల గడువు, అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా మైల్స్‌కి గడువే లేదు. కానీ ఏ సీటుకి ఎన్ని మైల్స్ అని ముందే తెలిసే పట్టికను డెల్టా 2015లోనే తీసేసింది, 2019లో మరో అమెరికా ఎయిర్‌లైన్ యునైటెడ్ కూడా అదే పని చేసింది. అంటే ఈరోజు సరిపోయిన మైల్స్ ఆరు నెలల తర్వాత సరిపోతాయన్న నమ్మకం లేదు. కార్డ్ కంపెనీలు కూడా రేటు తగ్గిస్తాయి, కాదనను, అందుకని పాయింట్లను ఏళ్ల తరబడి దాచుకోమని కూడా చెప్పను.

ఇక అసలు లెక్క. చాలామంది ఇది వేయకుండానే మార్చేస్తారు. మీ కరెన్సీ ఏదైనా సరే, టికెట్ ధర 60,000 అనుకోండి. అదే సీటుకి 40,000 మైల్స్ అడుగుతున్నారు, పైన పన్నులు, సర్‌చార్జీ కలిపి 12,000 జేబులోంచి కట్టాలి. అంటే మైల్స్ వల్ల మీకు మిగిలేది 48,000 మాత్రమే, ఒక్కో మైల్‌కి 1.20. ఇక్కడే ఆగిపోకండి. మీ కార్డ్ రెండు పాయింట్లకి ఒక మైల్ ఇచ్చేదైతే 80,000 పాయింట్లు పోతాయి, అప్పుడు ఒక్కో పాయింట్‌కి వచ్చేది 0.60. 25 శాతం బోనస్ ఉంటే 64,000 పాయింట్లతోనే పని అయిపోతుంది, విలువ 0.75కి పెరుగుతుంది. ఇప్పుడు అదే పాయింట్‌ని బిల్లులో తగ్గించుకుంటే ఎంత వస్తుందో చూడండి. 0.50 వచ్చేట్టయితే మార్చడం లాభమే, 0.70 వచ్చేట్టయితే ఆ కాస్త తేడా కోసం ఇంత రిస్క్ నేనైతే తీసుకోను. సర్‌చార్జీ కొన్ని ఎయిర్‌లైన్స్‌లో చాలా ఎక్కువ, బుకింగ్‌లో చివరి పేజీ దాకా వెళ్తే గానీ అసలు మొత్తం కనిపించదు, కాబట్టి అక్కడిదాకా వెళ్లి చూడండి.

బిజినెస్ క్లాస్ విషయంలో ఇంకో మాట. ఆ టికెట్ అసలు ధర పెట్టి లెక్క వేస్తే పాయింట్ విలువ ఆకాశంలో కనిపిస్తుంది. కానీ డబ్బులిచ్చి మీరు ఆ టికెట్ కొనేవారా? కొనకపోతే, ఆ సీటుకి మీరు సంతోషంగా ఎంత ఇస్తారో ఆ మొత్తంతో లెక్క వేయండి.

రెండోసారి నేను ఎలా చేశానంటే, ముందు ఎయిర్‌లైన్ సైట్‌లో ఖాతా తెరిచి మూడు సీట్లూ వెతికి పట్టుకున్నాను. అవి పార్ట్‌నర్ ఎయిర్‌లైన్ విమానంలోవి. స్టార్ అలయన్స్ లాంటి కూటమిలో ఒకరి మైల్స్‌తో ఇంకొకరి విమానం ఎక్కొచ్చు కదా, అలా. అయితే పార్ట్‌నర్ సీట్లు ఒక్కోసారి తెర మీద కనిపిస్తాయి గానీ బుక్ కావు, అందుకని ఫోన్ చేసి నిజంగా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నారు, రెండు రోజులు హోల్డ్‌లో పెట్టారు కూడా. ఈ సదుపాయం అందరూ ఇవ్వరు, అడిగి చూడాలి. ట్రాన్స్‌ఫర్ కొన్నిచోట్ల నిమిషాల్లో అయిపోతుంది, కొన్నిచోట్ల రోజులు పడుతుంది, ఆలోపు సీటు పోవచ్చు. కార్డ్‌లో నా పేరు పూర్తిగా ఉంది, ఎయిర్‌లైన్ ఖాతాలో ఇనిషియల్ మాత్రమే ఉంది, పేర్లు కలవకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుందని విని ముందే సరిచేయించాను. అప్పుడు కూడా టికెట్లకి సరిపడా పాయింట్లే పంపాను, మిగతావి కార్డ్‌లోనే ఉంచేశాను.

నెలాఖరులోపు మీకు నిజంగా వెళ్లాల్సిన ప్రయాణం ఏదైనా తేలి, సీటు కూడా కనిపిస్తే అప్పుడు ఆ బోనస్ వాడుకోండి, వదులుకోవద్దు. తేలకపోతే ఈ ఆఫర్‌ని పోనివ్వండి, నేను చూసినంతవరకు ఇలాంటివి మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. సీటు దొరికితే టికెట్ ధర, అడుగుతున్న మైల్స్, కట్టాల్సిన పన్నులు, మీ కార్డ్ రేటు ఇక్కడ రాయండి, లెక్క నేను వేసి చెప్తాను.